వెర్లా సీటు కింది స్ప్రింగులు

శనివారం పొద్దున డెల్మార్ వేసుకున్న పథకం చిన్నదే. పాత సామాన్ల సంతకు వెళ్లి, కారులో భార్య కూర్చునే సీటు కిందికి స్ప్రింగుల చట్రం ఒకటి కొని, సాయంత్రానికల్లా బిగించేయాలి. మర్నాడే ఊళ్లో పాత కార్ల ఊరేగింపు.

"పోయినేడు ఆ సీట్లో కూరుకుపోతే, బయటికి నా టోపీ ఈక ఒక్కటే కనబడిందట," అంది వెర్లా, పెనం మీద గుడ్లు తిరగేస్తూ. "డెల్మార్ ఒక్కడే వచ్చాడేం, వెర్లాకి ఒంట్లో బాగాలేదా అని ఊరంతా అడిగారు. ఈసారీ అంతే అయితే గార్డన్ కార్లో కూర్చుంటా. ఎప్పట్నించో పిలుస్తున్నాడు."

గార్డన్ పక్కింటి బ్రహ్మచారి. అతనిదీ డెల్మార్ కారు లాంటిదే, పెద్ద ఇంజనుతో గర్జించే పాత మజిల్ కారు, అదే మోడల్, అదే నారింజ రంగు. బళ్లో చదివే రోజుల్లో వెర్లాను డాన్సుకు తీసుకెళ్లినవాడూ అతనే. ఇన్నేళ్లయినా ఆ సంగతి డెల్మార్‌కు మింగుడు పడలేదు.

కొత్త స్ప్రింగులు కావాలంటే ఫోన్ చేస్తే పోస్టులో వస్తాయి. కానీ అవి నకళ్లు. కారుతోపాటు పుట్టిన సామాను తప్ప మరొకటి బిగించడం డెల్మార్ దృష్టిలో మహాపాపం.

సంతకొక ఆచారం ఉంది. కావలసిన వస్తువు కనబడినా కళ్లు పెద్దవి చేయకూడదు. ఏ కారుకో చెప్పకూడదు. చెబితే ధర కొండెక్కుతుంది. ఊళ్లోని పాత కార్ల క్లబ్బులో కొత్తవాళ్లకు ఈ విద్య నేర్పేది డెల్మారే. అందుకే ఒక గడ్డం పెద్దమనిషి దగ్గర అచ్చం తను వెతుకుతున్న చట్రమే కనబడినప్పుడు, ముందు పక్కనున్న తుప్పు కెటిల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ ఇనప గోల ఏంటండీ?"

"ఏమోనండీ. మా బావమరిది పోయాడు. ఆయన షెడ్డులో సామానంతా ఎత్తుకొచ్చా. మీకెందుకు?"

"మా ఆవిడ టమాటా మొక్కలకి ఊతం కావాలంటోంది."

"అయ్యో, దానికేం, తీసుకోండి!"

బేరం కారుచౌకగా కుదిరింది. డబ్బిచ్చేసి, ట్రక్కు తెస్తానని డెల్మార్ ఈల వేసుకుంటూ వెళ్లాడు. బళ్ల మధ్య ఇరుక్కుని తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది. పెద్దమనిషి ఇనుము కోసే మిషను పక్కన పెట్టి చెమట తుడుచుకుంటున్నాడు.

"మీరటు వెళ్లారో లేదో ఇంకొకాయన వచ్చాడండీ. చిక్కుడు పాదుకి కావాలట, ఒకటే బతిమాలాడు. మీ టమాటాలకి ఇంత అక్కర్లేదు కదా, చెరిసగం కోసేశా. ఆయన వద్దు వద్దన్నాడు గానీ, మొహమాటపడుతున్నాడని నేనే చేతిలో పెట్టి పంపించా. మీకు నేలలో దిగేలా కొసలు కూడా సాగదీశాను. దీనికి డబ్బులేం వద్దు లెండి."

డెల్మార్ నోరు తెరిచాడు. టమాటాలన్నది తనే అని గుర్తొచ్చి మూసుకున్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

"ఇదేంటి?" అని ఇంటి దగ్గర వెర్లా అడిగింది.

"టమాటాలకి."

"మనకి టమాటా మొక్కలెక్కడివి?"

డెల్మార్ షెడ్డులోకి వెళ్లి, ఆమె సీటు మీద దిండ్లు పేర్చి, పైన దుప్పటి కప్పాడు.

మర్నాడు వెర్లా రాణిలా కూర్చుంది. జనం చేతులూపారు. డెల్మార్ ఊపిరి పీల్చుకున్నాడు. చర్చి మలుపు దగ్గర దిండ్లు ఒక్కసారిగా జారిపోయి, వెర్లా ఈకదాకా మునిగిపోయింది.

అంతలో ముందు బళ్లు నిలిచి ఊరేగింపు ఆగింది. ఆమె దిగి, వెనకే ఉన్న గార్డన్ కారు దగ్గరికి నడిచింది. గార్డన్ పరుగున వచ్చి తలుపు తీశాడు.

"నీకోసం ఈ సీటు బాగుచేద్దామనే అనుకున్నా వెర్లా, కానీ..."

ఆ మాట పూర్తయ్యేలోగానే ఆమె కూర్చుంది. ఈసారి ఈక కూడా కనబడలేదు. లోపల్నుంచి గొంతు మాత్రం వినబడింది.

"వెనక సీట్లో ఆ సగం ఇనుమేంటి గార్డన్?"

"చిక్కుడు పాదుకి."

"నీకు చిక్కుడు పాదెక్కడిది?"

గార్డన్ బూట్ల వంక చూసుకున్నాడు. వెర్లా ఎలాగో పైకి లేచి, టోపీ సర్దుకుని, నేరుగా డెల్మార్ వైపు తలుపు తీసింది.

"అటు జరుగు. ఈ సీటొక్కటే మనిషి కూర్చునేలా ఉంది."

డెల్మార్ జరిగాడు, దిగబడిపోయాడు. వెర్లా జనానికి చేయూపుతూ కారు నడిపింది.

వెర్లా ఒక్కతే వచ్చిందేం, డెల్మార్‌కి ఒంట్లో బాగాలేదా అని ఆ ఏడు ఊరంతా అడిగారు.