పది అడుగుల అభ్యంతరం

అభ్యంతరం రాసిన ప్రతిసారీ మురుగునీటి శుద్ధి కేంద్రం, రాసినవాళ్ళ ఇంటివైపు పది అడుగులు జరుగుతుందని పెసర్లపాలెంలో మొదట తెలుసుకున్నవాడు కొబ్బరికాయలు దింపే అబ్బులు. సోమవారం అర్జీ ఇచ్చాడు. మంగళవారం పొద్దున పళ్ళు తోముకుంటూ చూస్తే, ఊరి వెనక పోరంబోకులో కొత్తగా కట్టిన ప్లాంటు గేటుతో, వాచ్‌మన్ కుర్చీతో సహా దగ్గరికొచ్చి ఉంది. తను రాసింది అర్థం కాలేదేమోనని ఇంకాస్త గట్టిగా రాశాడు. బుధవారానికి మరో పది అడుగులు వచ్చింది.

పట్నంలో ఆ ఫైలు చూసే సీనియర్ అసిస్టెంటు కామేశం గారు నెమ్మదస్తుడు. ఎవరినీ కసురుకోరు.

"మీరు ప్లాంటు మీద ఆసక్తి చూపించారు. ఆసక్తి ఉన్నవాళ్ళ గడప దగ్గరికే సేవ చేర్చమని మాకు ఉత్తర్వులు," అన్నారు.

"ఆసక్తి కాదండి బాబూ, వద్దన్నానండి."

"ఏమన్నారో రాసుకోవడానికి ఈ రిజిస్టరులో చోటు లేదు. ఎవరన్నారు, ఇల్లెక్కడ, అంతే ఉంది."

మురుగు పట్నానిది కాబట్టి పట్నం వాళ్ళని కూడా అడిగారా అన్నాడు అబ్బులు. అడిగామనీ, పెసర్లపాలెంలో ప్లాంటు ఉండటానికి పట్నంలో ఒక్కరికీ అభ్యంతరం లేదనీ కామేశం గారు కాగితం తీసి చూపించారు. అంత మంచితనానికి అబ్బులు దణ్ణం పెట్టి బయటికొచ్చాడు.

ఆ రోజు నుంచి ఊరు గప్‌చుప్‌. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్న మాటకి, నోరు మూసుకుంటే ఊరు బాగుపడుతుందని కొత్త అర్థం చెప్పుకున్నారు. అయితే ఎదుటివాళ్ళు నోరు తెరవాలని మాత్రం అందరికీ ఉండేది. "మీరు చదువుకున్నోరు, మీరు రాయండి" అని ఒకరంటే, "మీ పెరడు పెద్దది, మీరే రాయండి" అని ఇంకొకరు. మర్యాదలకేం తక్కువ లేదు.

అందరికంటే ఎక్కువ భయపడింది నూకరత్నం. ఊళ్ళో బోరు నీళ్ళలో కందిపప్పు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పొయ్యిమీద ఉన్నా ఉడకదు. ఉడికేది నూకరత్నం ఇంటిముందున్న నూతి నీళ్ళలోనే. ఆ నుయ్యి ఆవిడ అత్తగారు అచ్చియ్యమ్మ దగ్గరుండి తవ్వించింది. ఊరంతా బిందెలతో వచ్చేది అక్కడికే. ప్లాంటుకీ నూతికీ మధ్య ఆరు వందల అడుగులుంది. మురుగు ఇంకా వదల్లేదు గానీ, వదిలాక ఊట ఎటు పాకుతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు.

ఆవిడకి ఉపాయం చెప్పినవాడు అబ్బులే.

"చచ్చినోళ్ళు ఎక్కడుంటారత్తా? కాలవ అవతల వల్లకాట్లో. ఆళ్ళ పేరున రాత్తే ప్లాంటు అటే పోద్ది. ఆళ్ళకి వాసనేంటి, దోమలేంటి?"

పెసర్లపాలెం ఓటర్ల జాబితాలో చచ్చినవాళ్ళు అరవై ఒక్కరు బతికే ఉన్నారు. ఊరంతా కూర్చుని అరవై ఒక్క అర్జీలు రాశారు. అచ్చియ్యమ్మది నూకరత్నమే స్వయంగా రాసి, వేలిముద్ర కూడా తనే వేసింది. 'మా నుయ్యి కాపాడండి' అని రాస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తగారు బతికుంటే సరిగ్గా అలాగే రాయించేది.

మర్నాడు ప్లాంటు వల్లకాడు వైపు చూడను కూడా చూడలేదు. ఆరు వందల పది అడుగులు తిన్నగా పట్నం దిక్కుకి నడిచి, నూతి మీదుగా పోయి, ముందు గోడ నూతిని దాటి పది అడుగుల దూరంలో ఆగింది.

అబ్బులూ నూకరత్నమూ పట్నం పరిగెత్తారు. కామేశం గారు జాబితా తెప్పించి ఓపిగ్గా వివరించారు. చనిపోయినవాళ్ళకి వల్లకాట్లో ఇంటి నంబర్లు లేవు. ఏ ఇంటివాళ్ళో తేలనివాళ్ళందరినీ ఆ జాబితాలో ఒకే నంబరు కింద వేశారు. ఆ నంబరు నూకరత్నం ఇల్లు.

"మా ఇంటికెందుకేశారండీ అరవై మందిని?" అంది నూకరత్నం.

"ఆ జాబితా రాసింది నేనేనమ్మా. అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఎండకి సొమ్మసిల్లి మీ అరుగు మీద కూర్చుంటే మీ అత్తగారు మంచినీళ్ళిచ్చారు. మిగిలిన పేర్లన్నీ అక్కడే కూర్చుని పూర్తిచేశాను. ఆ నీళ్ళ రుచి ఇప్పటికీ నాలిక మీదుంది," అన్నారు కామేశం గారు. నిజంగానే అన్నారు. ఆ సాయంత్రమే రికార్డులో నూతిని ఒకటో నంబరు తొట్టిగా చేర్చారు. తవ్వే పని తప్పింది.

నూకరత్నం ఇంటికి తిరిగి వెళ్ళలేదు. ఆఫీసు వరండాలో చాప పరిచింది. నిద్రపోయే చోటే నివాసం అని నిబంధన ఉంది కాబట్టి, కామేశం గారు ఆ చిరునామాతోనే అర్జీలు తీసుకున్నారు. రోజుకి ముప్ఫై రాసేది. వేళ్ళు వాచిపోయేవి. రోజుకి మూడు వందల అడుగుల చొప్పున ప్లాంటు పట్నానికి బయల్దేరింది. దారిలో ఊళ్ళన్నీ ఊపిరి బిగబట్టి, ఒక్క ముక్క అనకుండా దాన్ని సాగనంపాయి. పెసర్లపాలెంలో నుయ్యి బయటపడింది, మళ్ళీ పప్పు ఉడికింది. ఆ డెబ్బై రోజుల్లో వరండాకి ఒక గిన్నెడు పప్పు తీసుకొచ్చినవాళ్ళు లేరు. ఊరి కృతజ్ఞత ఊరి పొలిమేర దాటదు.

డెబ్బయ్యో రోజున, ఇరవై ఒక్క వేల అడుగులు నడిచి, ప్లాంటు పట్నంలో మొదటి కాలనీ పార్కు పక్కన నిలబడింది. మధ్యాహ్నం లోపల కాలనీ నుంచి రెండు వేల నూరు అభ్యంతరాలు వచ్చాయి. మూడు గంటలకి నిబంధన సవరించారు: ఊళ్ళవాళ్ళు వద్దంటే ప్లాంటు దగ్గరికొస్తుంది, పట్నంవాళ్ళు వద్దంటే అంతే దూరం వెనక్కి పోతుంది. నాలుగు గంటలకి నూకరత్నం చేతికి పెసర్లపాలెం స్థిరనివాసి అని ధ్రువపత్రం ఇచ్చి చాప చుట్టించారు. ఆఫీసు చరిత్రలో గంటలో తయారైన ధ్రువపత్రం అదొక్కటే. ఆవిడ బస్సు దిగేసరికి ప్లాంటు ఆవిడకంటే ముందే వచ్చి, నూతి మీద పాత చోటే కూర్చుని ఉంది.

సవరణకి ఊరి ఆమోదం కావాలని సభ పెట్టారు. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగితే అబ్బులు మొలకి కట్టుకున్న తాటిమట్ట కత్తిపొదిలో ఏదో వెతుక్కున్నాడు. ఆమోదం అయింది.

మురుగు వదిలిన రోజున కామేశం గారు రికార్డులు సరిచూడటానికి వచ్చారు. ఎండ మండిపోతోంది. అలవాటుగా ఆ అరుగు మీదే కూర్చుని, "అమ్మా, కాసిని మంచినీళ్ళు," అన్నారు.

నూకరత్నం ఒకటో నంబరు తొట్టిలో చేద వేసి తోడింది. గ్లాసు నిండా పోసి ఆయన చేతికిచ్చింది. నీళ్ళు నల్లగా, పైన నురగతో ఉన్నాయి.

"బాబూ, తవరిది పట్నమే కదా," అంది. "తవరు వద్దంటే పది అడుగులు ఎనక్కి పోద్ది. పది అడుగులు చాలు, నా నుయ్యి బయటపడద్ది. ఒక్క మాటనండి బాబూ. కాగితం, కలం నా కాడున్నాయి."

కామేశం గారు ఆవిడ మొహం చూశారు. గ్లాసు వాసన చూశారు. పక్కన పెట్టిన ఫైలు చూశారు. అందులో చివరి కాగితం మీద, అభ్యంతరాలు ఏమీ లేవని రాసి, కింద తనే సంతకం చేసి ఉన్నారు.

ఆయన గ్లాసెత్తి, గుక్క తిప్పుకోకుండా, అడుగంటా తాగారు. జేబురుమాలుతో మూతి తుడుచుకున్నారు.

"అభ్యంతరం ఏముందమ్మా," అని ఖాళీ గ్లాసు తిరిగిచ్చారు.