చచ్చాడా, వచ్చాడా?

చావవలసినవాడు చివరి పేజీలో బతికి ఉన్నాడు.

ప్రూఫులు దిద్దే పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "తెల్లవారింది. పిల్లలింకా తలుపు తీసే ఉంచారు. వాడు వచ్చాడు." ఆ చివరి మాట 'చచ్చాడు' అని ఉండాలి. పదింటికల్లా ఆఖరి పేజీల ఫారం మిషనెక్కించి, మధ్యాహ్నం ప్రెస్సులో అందరూ కలిసి భోంచెయ్యాలన్నది ఆనాటి ఏర్పాటు.

శవాల కోటలో కూలికి పీకలు కోసే హంతకుడి కథ ఆ నవల. చంపమన్న నలుగురు అనాథల్ని చంపలేక, వాళ్ళకి వండిపెడుతూ మెల్లగా మనిషవుతాడు. చివరికి వాళ్ళ కోసం దెయ్యాల రాజుతో తలపడి చస్తాడు. పెద్దాయన పైకి చదువుతూ దిద్దుతుంటే విన్న బైండింగ్ అక్క, వాణ్ణి బతికించమని రచయితని బతిమాలింది. అంత పాపం చేసినవాడు ఇల్లు చేరడానికి వీల్లేదని రచయిత కసురుకున్నాడు.

ఇంకొక్క తప్పు దొర్లితే కళ్ళు పోయాయని ఇంటికి పంపేస్తానని యజమాని కిందటి నెలే చెప్పాడు. ఇల్లంటే పెద్దాయనకి ఒక మంచం, ఒక కిటికీ. మనుషులంతా ఇక్కడే ఉన్నారు.

ఆయన మెట్ల దగ్గరికి పరిగెత్తి, మిషను మోతలో పైనున్న కంప్యూటర్ ఆపరేటరుకి వినబడేలా అరిచాడు. "వచ్చాడు కాదు, చచ్చాడు! రచయితగారి..."

కింద బైండింగ్ అక్కకి చివరి రెండు మాటలే వినిపించాయి. ఆమె సూది పక్కన పెట్టి కళ్ళు ఒత్తుకుంది. ఆమెని చూసి మిషన్‌మాన్ మిషను ఆపాడు. యజమాని షట్టరు సగం దించి, పుస్తకావిష్కరణకి మాట్లాడిన హాలునే రచయిత సంతాప సభకి వాడుకోవచ్చా అని ఫోన్లో కనుక్కోసాగాడు.

పైన ఆపరేటరు ఒక్కొక్కటీ వెతకడం దేనికని, పుస్తకమంతటా 'వచ్చాడు' అన్న మాటని ఒకే మీటతో 'చచ్చాడు' చేసేశాడు. కొత్త ప్రూఫు పెద్దాయన చేతికొచ్చింది. మూడో అధ్యాయంలో వైద్యుడు చచ్చాడు, నాడి చూశాడు, మందిచ్చి వెళ్ళాడు. తొమ్మిదో అధ్యాయంలో హంతకుడు కూరగాయల సంచితో, నవ్వుతూ చచ్చాడు. పెద్దాయన తలపట్టుకుని, ఎవరెక్కడ చచ్చారో వేలు పెట్టి లెక్కేయడం మొదలుపెట్టాడు.

అంతలో షట్టరు కింద వంగి రచయిత లోపలికి అడుగుపెట్టాడు.

"వచ్చాడు," అన్నాడు మిషన్‌మాన్, నోరు తెరిచి.

"చచ్చాడు," అని దిద్దాడు పెద్దాయన, కాగితం మీంచి తలెత్తకుండానే.

సంగతి తేలడానికి పావుగంట పట్టింది. తప్పు ఎవరిదని యజమాని నిలదీస్తే, ఆపరేటరు తనకి అందిన ఆఖరి ప్రూఫు తెచ్చి బల్ల మీద పరిచాడు. 'చ' కొట్టేసి, పైన ఎర్రగా 'వ' అని రాసి ఉంది.

"మీ సిరానే బాబాయ్," అన్నాడు నెమ్మదిగా, చెప్పక తప్పలేదన్నట్టు.

ఆ ప్రెస్సులో ఎర్ర కలం ఒక్కటే. అది ముప్పై ఏళ్ళుగా పెద్దాయన జేబులోనే ఉంది. రేపటినుంచి రానక్కర్లేదని యజమాని గోడకేసి చూస్తూ చెప్పాడు.

పెద్దాయన ఆ అక్షరాన్ని చాలాసేపు చూశాడు. రాసినట్టు గుర్తులేదు. కానీ ఆ తలుపు దగ్గర పిల్లల్ని చదివిన ప్రతిసారీ, వాడు వస్తే బాగుండునని అనుకున్నది నిజం. తన గది తలుపు తీసి ఉంచేవాళ్ళు ఎవరూ లేరు.

"కళ్ళు కాదేమో అయ్యా, చెయ్యి," అన్నాడు. "రావాలని అనుకున్నానుగా. అదే రాసేసిందేమో."

కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. టిఫిన్ డబ్బా తీసుకోబోతే బైండింగ్ అక్క దాన్ని గట్టిగా పట్టుకుంది.

"అన్నం తిని వెళ్ళు బాబాయ్." డబ్బా తనవైపు లాక్కుని, "వెళ్ళకపోయినా పర్లేదు," అంది.

రచయిత బల్ల మీది కలం తీసి, పెద్దాయన జేబులో తిరిగి పెట్టాడు.

"దిద్దింది నేను. మొన్న సంతకం పెట్టాలని ఆయన కలమే అడిగి తీసుకున్నాను. ఈ నవల రాసిన నాలుగేళ్ళూ వాడూ నేనూ ఒకే గదిలో ఉన్నాం. నాతో మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు. అక్కని అంత కసురుకున్నాక, వాణ్ణి నేనే చంపలేకపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అచ్చుతప్పుగా వెళ్ళిపోతుందనుకున్నాను. ఆయనకి కళ్ళు కనబడవని మీరే కదండీ చెప్పారు, నమ్మాను."