ఓల్డ్‌కు ఒక్కటే వ్యతిరేక పదం

వ్యతిరేక పదాలు తెలియని మనిషికి అతిథిని ఆదరించే యోగ్యత లేదని ఆ ఏడు వసంతంలో అతిథి మర్యాదల పర్యవేక్షక మండలి తీర్మానించింది. తీర్మానం వెనక లోతైన ఆలోచనే ఉంది. విదేశీయుడు చాయ్ తాగి ‘హాట్’ అన్నాడనుకోండి. ఆ మాటకు వ్యతిరేకం తెలియకుండా ఆ చాయ్‌ను చల్లార్చడం ఎలా? (అంతకు ముందు గిన్నె మార్చి పోసి చల్లార్చేవారు. అది అశాస్త్రీయమని మండలి తేల్చింది.)

కాబట్టి కొండ మీది సోంగ్-కోల్ సరస్సు ఒడ్డున గుడారాలు వేసి విదేశీయులకు బస ఇచ్చేవాళ్లందరూ కొండ దిగి కొచ్కోర్ పట్నం వెళ్లి, ఇంగ్లీషు విశేషణాలకు వ్యతిరేక పదాలు చెప్పి, ధ్రువపత్రం తెచ్చుకోవాలి. తెచ్చుకోనివాళ్ల జాగా తెచ్చుకున్నవాళ్లకు పోతుంది.

జూరకాన్‌కు ఈ వార్త అంతగా బెంగ పుట్టించలేదు. అత్తగారి కాలం నుంచీ ఊటబావి పక్కన ఆ జాగాలో వేసవికి నాలుగు కంబళి గుడారాలు లేస్తున్నాయి. వేసవి నాలుగు నెలల రాబడే చలికాలమంతా పొయ్యి వెలిగిస్తుంది. ఇంగ్లీషంటారా, వచ్చే పోయే అతిథుల దగ్గర విని విని ఆమెకు బాగానే పట్టుబడింది. గుర్రం మీంచి పడ్డ జర్మన్‌ను ఇంగ్లీషులో ఓదార్చిన మనిషి ఆమె.

పరీక్ష పాత సినిమా హాల్లో జరిగింది. హాట్‌కు కోల్డ్, బిగ్‌కు స్మాల్, అన్నిటికీ బొత్తాలు టకటకా నొక్కేసింది. చివరికి తెరమీద ఒక బొమ్మ వచ్చింది. తెల్ల కల్పాక్ టోపీ, నెరిసిన గడ్డం, చేతిలో కర్ర. కింద ‘ఓల్డ్’ అని ఉంది. జూరకాన్ ఏ అనుమానమూ లేకుండా ‘యంగ్’ నొక్కింది.

తెర ఎర్రబడింది. ‘సరైన జవాబు న్యూ. మీరు అతిథులకు ప్రమాదకరం’ అని చూపించింది.

అప్పీళ్లు వినే అధికారి తిలెబాల్దీ మంచివాడు. అరవై దాటిన మనిషి, ఎవరినీ కసురుకునేవాడు కాదు. నిబంధన అడ్డొచ్చినప్పుడు మాత్రం దాన్ని దాటడానికి కాళ్లు ఆడేవి కావు.

“అన్నగారూ, బొమ్మలో ఉన్నది ముసలి తాత. తాతకి యంగ్ అనే కదా అనాలి?” అంది జూరకాన్ కిటికీలోకి వంగి.

“లోకంలో ఎలా అంటారో నాకు తెలుసు చెల్లెమ్మా. కానీ జవాబుల కీలో న్యూ అని ఉంది. ఒక మాటకు ఒకటే వ్యతిరేకం. రెండోది పెట్టాలంటే బడ్జెట్ కావాలి.”

“మరి ఆ తాతకి వ్యతిరేకం ఎవరంటారు?”

“కొత్త తాత.”

“కొత్త తాత ఎక్కడుంటాడండీ?”

“అది మా శాఖ పరిధిలోకి రాదు.”

వరసలో వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. జూరకాన్‌కు ఒళ్లు మండింది. “అయితే మా ఆయనా ఓల్డే. ఆయనకు వ్యతిరేకంగా మీరు నాకు న్యూ మొగుణ్ణి చూపిస్తారా?”

తిలెబాల్దీ కీ తిరగేసి చూశాడు. “చెల్లుతుంది. కానీ సరఫరా మేం చేయం, ఎవరిది వాళ్లే చూసుకోవాలి” అన్నాడు సీరియస్‌గా.

బయట కారులో కూర్చున్న ఆమె భర్త షార్షెన్‌కుల్‌కు ఈ సంభాషణ, జూరకాన్ మెట్లు దిగేలోపే చేరింది. (కొచ్కోర్‌లో ఉత్తర్వులు చేరడానికి నెల పడుతుంది. ఇలాంటివి చేరడానికి నిమిషం పట్టదు.) మర్నాడు పొద్దున జూరకాన్ చాయ్ ఇస్తూ చూసి ఉలిక్కిపడింది.

“ఏమయ్యా, నీ మీసం ఏదీ?”

“తీసేశా.”

“ముప్పయ్యేళ్లుగా ఉన్నదాన్ని ఇప్పుడెందుకు తీశావు?”

“ఏమోనే. ఆఫీసువాళ్లు ఏం తలుచుకుంటారో. ముందు జాగ్రత్త.”

ఆమె నవ్వింది. నవ్వి, వెంటనే బావురుమంది. జాగా పోతే ఏం చేయాలో ఆమెకు నిజంగా తెలియలేదు. షార్షెన్‌కుల్ మీసం లేని పెదవిని తడుముకుంటూ పక్కన కూర్చున్నాడు. చివరికి, “మళ్లీ వెళ్లు. ఆయనకు మనసుంది. దారి లేకపోతే ఆయనే వెతుకుతాడు” అన్నాడు.

రెండోసారి వెళ్లేటప్పటికి తిలెబాల్దీ దారి వెతికే పెట్టాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“నీ కోసం కీ అంతా చదివాను చెల్లెమ్మా. రైట్ అనే మాటకు వ్యతిరేకం ఏమని ఉందో తెలుసా? లెఫ్ట్! రాంగ్ అన్న మాట మా కీలోనే లేదు. లేనిదాన్ని నేను నీ జవాబు పక్కన ఎలా రాస్తాను? నీ జవాబు రైట్ కాదు, ఒప్పుకుంటాను. కాబట్టి అది లెఫ్ట్.”

“అంటే పాసా?”

“ఎడమ పాసు” అన్నాడాయన, ముద్ర కొడుతూ.

ధ్రువపత్రం మీద స్పష్టంగా రాసి ఉంది: ‘ఈమె జవాబు ఎడమది. సరస్సుకు ఎడమ పక్కన మాత్రమే గుడారాలు వేసుకోవచ్చు.’

సోంగ్-కోల్‌కు చుట్టూతా ఒడ్డే ఉంది. అందులో ఎడమ ఒడ్డు ఏదో తెలిసినవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు. జూరకాన్ వెళ్లి ఎప్పటి జాగాలోనే గుడారాలు లేపింది. అవతలి ఒడ్డు నుంచి ఎవరో ఫిర్యాదు పెట్టారు. తనిఖీకి తిలెబాల్దీయే కొండెక్కి రావలసి వచ్చింది.

ఆయన నీళ్ల వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. గుడారాలు కుడి పక్కన పడ్డాయి. జూరకాన్ గబగబా ఆయన ముందుకొచ్చింది.

“అన్నగారూ, కాస్త ఇటు తిరగండి.”

ఆయన కొండల వైపు తిరిగాడు. ఇప్పుడు గుడారాలు ఎడమ పక్కనున్నాయి గానీ, సరస్సు వీపు వెనక్కి పోయింది. సరస్సును చూడకుండా సరస్సుకు ఎడమ అని ఎలా రాస్తాడు? మళ్లీ తిరిగాడు. గుర్రమెక్కి తిరిగాడు. దిగి తిరిగాడు. ఆ ఎత్తులో గాలి పలచన, వయసు మీద పడిన మనిషి. కళ్లు తిరిగి, తూలుకుంటూ గుడారాల అవతలి పక్కకు పోయి గడ్డిలో కూలబడ్డాడు.

షార్షెన్‌కుల్ పరుగెత్తి వెళ్లి పట్టుకున్నాడు. జూరకాన్ గిన్నె నిండా కుమిస్ పోసి తెచ్చింది. పులిసిన గుర్రప్పాలు కడుపులో పడ్డాక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. నూనెలో వేయించిన వేడి పిండిముక్కలు, బోర్సోకులు తిన్నాడు, ఇంకో గిన్నె తాగాడు. తర్వాత నెమ్మదిగా రెండు పక్కలా చూశాడు.

“నేనిప్పుడు ఇలా కూర్చున్నానా, ముందు సరస్సు కనపడుతోందా?”

“కనపడుతోందండీ.”

“గుడారాలు నాకు ఏ చేతి పక్క ఉన్నాయి?”

జూరకాన్ ఆయన పక్కనే కూర్చుని చూసింది. “ఎడమ చేతి పక్క!”

“ఇక నన్ను లేపకండి. కాగితం ఇలా తెండి” అంటూ కూర్చున్నచోటే సంతకం పెట్టేశాడు.

సాయంత్రం దాకా ఆయన అక్కణ్ణించి కదల్లేదు. ఎండ వాలుతుంటే, “ఈ శరత్తులో నన్ను దింపేస్తారు చెల్లెమ్మా” అన్నాడు మెల్లగా. “వయసైపోయింది, ఇక నువ్వు ఓల్డ్ అంటున్నారు. నా కుర్చీలోకి ఎవరో కుర్రాడొస్తాడు. కంప్యూటర్ తెలిసినవాడు, పై చదువులు చదివినవాడు. మంచిదేలే. వాడైనా ఆ కీ మారుస్తాడేమో.”

“మీరు ఎప్పుడొచ్చినా ఈ గుడారం మీదే అన్నగారూ” అంది జూరకాన్. ఆ మాట ఏ కీలోనూ చూసుకోకుండానే అంది.

వేసవి బాగా గడిచింది. మంచు పడకముందే గుడారాలు విప్పి కొండ దిగారు. ధ్రువపత్రం ఏటా కొత్తది చేయించుకోవాలి కాబట్టి, జూరకాన్ కొత్తగా వచ్చిన కుర్రాడికి పెడదామని ఒక సంచీ నిండా రాళ్లలా గట్టిపడ్డ ఎండు పెరుగుండలు కట్టుకుని కొచ్కోర్ వెళ్లింది. షార్షెన్‌కుల్ మీసం అప్పటికి సగం పెరిగింది. కారులోనే కూర్చున్నాడు.

ఆమె కాసేపటికే, సంచీ అలాగే పట్టుకుని తిరిగొచ్చింది.

“ఏమైందే? కుర్రాడు తీసుకోలేదా?”

“నమలలేడు. పళ్లు లేవు.”

“కుర్రాడికి పళ్లు లేవా?”

“కుర్రాడెవరయ్యా! ఆయనకి డెబ్బై ఒకటి. మన తిలెబాల్దీ అన్నకంటే ముందు ఆ కుర్చీలో ఉన్నది ఈయనేనట. అప్పుడు ఓల్డ్ అని దింపారు. ఇప్పుడు తలుపు మీద న్యూ అని బోర్డు పెట్టి మళ్లీ కూర్చోబెట్టారు.” ఆమె కారెక్కి తలుపు వేసుకుంది. “మనం అనవసరంగా అప్పీలు చేశాం. కీలో తప్పేం లేదు.”

షార్షెన్‌కుల్ తాళం తిప్పబోయి ఆగాడు.

“మరి యంగ్ ఏమైనట్టు?”

“వాళ్లంతా కూలికి మాస్కో పోయి అక్కడ మంచు ఊడుస్తున్నారుగా. పోనీ బండి.”