ఎవరిది, ఎక్కడిది, ఏం మార్చాం

ఆ పొద్దున హెడ్మాస్టరు వెంకటప్పయ్య గారి పథకం చాలా చిన్నది. పదకొండింటికి తనిఖీకి వచ్చే ఆఫీసరు బాలశౌరి గారికి బడిలో వంద మంది పిల్లలు కనపడాలి, అంతే. ఈపూరు మండలంలోని ఆ హైస్కూల్లో ఉన్నది ఎనభై ఎనిమిది మందే. వంద లేకపోతే ఎనిమిదో తరగతి గోడకున్న పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్ విప్పి వెల్దుర్తి వైపు పంపించేస్తారని కబురు.

అందుకని పక్క ఊరి బడి నుంచి పన్నెండు మంది పిల్లలు ఆటోల్లో దిగారు. పంచాయతీ ఆఫీసు కుర్చీలు, ఎరువుల కొట్టు బ్రహ్మయ్య పూలకుండీలు కూడా వచ్చాయి. ఇందులో వింతేముంది? పెళ్లిచూపులకు పక్కింటి సోఫా తెచ్చుకోమూ!

ఆ ప్యానెల్ అంటే అపర్ణ టీచర్‌కు ప్రాణం. అలాగని నెట్‌లో దొరికిందల్లా చూపించే మనిషి కాదు. "మా పేరు చెప్పి వాడుకోండి" అని సొంతదారులే వదిలిన బొమ్మలు, వీడియోలు వెతికి మరీ పాఠం చెబుతుంది. తను తీసిన ఫోటోలనూ అదే షరతు మీద నెట్‌లో పెడుతుంది. ముందురోజే పిల్లలకు గట్టిగా చెప్పింది: "వేరేవాళ్లది ఏది వాడుకున్నా చీటీ మీద మూడు ముక్కలు రాయాలి. ఎవరిది, ఎక్కడిది, మనం ఏం మార్చాం."

వెంకటప్పయ్య గారు తరగతిలోకి తొంగిచూసి, "టీచరమ్మ నేర్పింది ఆఫీసరు గారికి కనపడాలిరా!" అని జిగురు సీసా కూడా ఇచ్చి వెళ్లారు. కొరివితో తల గోక్కున్నానని ఆయనకు అప్పటికి తెలియదు.

పదకొండింటికి బాలశౌరి గారు వచ్చి ఎనిమిదో తరగతిలో కుర్చీలో కూర్చున్నారు. చేతికింద కాగితం గరగరలాడింది. తీసి చదివారు: "ఎవరిది: పంచాయతీది. ఎక్కడిది: ప్రెసిడెంటు గారి గదిలోది. మార్పు: దుమ్ము దులిపాం."

"ఇదేందయ్యా?"

"పిల్లలు సార్... ఏదో..."

పక్కనే పూలకుండీ. "ఎవరిది: బ్రహ్మయ్య తాతది. మార్పు: కంపెనీ పేరు గోడవైపు తిప్పాం."

మాట మారుద్దామని వెంకటప్పయ్య గారు గబగబా స్వాగతోపన్యాసం అందుకున్నారు. చదివే ఊపులో ఆ కాగితం అడుగున అంటించిన చీటీని కూడా గట్టిగా చదివేశారు. "ఎవరిది: పాత హెడ్మాస్టరు గారిది. మార్పు: తేదీ."

ఆఫీసరు లేచి చివరి వరుస దాకా నడిచారు. అక్కడ పన్నెండు మంది పిల్లల జేబుల మీద పన్నెండు చీటీలు. "ఎక్కడివాడు: పక్క ఊరి బడి. మార్పు: టై."

వెంకటప్పయ్య గారి పై ప్రాణాలు పైనే పోయాయి. అపర్ణ తన పిల్లల వైపు తిరిగింది. "ఎవరే ఇవన్నీ అంటించింది?" అంది.

"మేమే టీచర్!" అంది ముందు వరుసలోని ఎనిమిదో తరగతి పిల్ల అల్ఫియా గర్వంగా. "జిగురు చాల్లేదు, ఆఖర్న అన్నం మెతుకులు పెట్టాం."

"ఇంత దగానా!" అని గర్జించారు బాలశౌరి గారు. "సాయంత్రానికి ప్యానెల్ విప్పండి! విప్పేలోపల ఆదర్శ తరగతంటే ఎట్టుంటదో ఒకసారి చూడండి. నేను దగ్గరుండి తీర్చిదిద్దింది. విజయవాడ మీటింగులో చూపిస్తే చానా మెచ్చుకున్నారు."

అపర్ణకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసరు పెన్‌డ్రైవ్ పెట్టారు. తెర మీద ఫోటో పడింది. ముఖాలు కనపడకుండా వెనక నుంచి తీసినది. పిల్లలు, వాళ్ల ముందు ప్యానెల్, పైన రెండే రెక్కల ఫ్యాను.

పిల్లలందరూ ఒక్కసారిగా తలలు పైకెత్తారు. ఆఫీసరూ ఎత్తారు. రెండు రెక్కల ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది.

అల్ఫియా చీటీ, కలం పట్టుకుని వచ్చింది. "సార్, ఇది మా టీచర్ తీసిన ఫోటో. ఆ ఎర్ర రిబ్బను జడ నాదే. ఎవరిది, ఎక్కడిది రాశా. ఏం మార్చారని రాయమంటారు?"

బాలశౌరి గారికి చెమటలు పట్టాయి. "ఇది... మీ తరగతేనా అమ్మా?"

"అవును సార్," అంది అపర్ణ. "ఎవరైనా వాడుకోవచ్చు. పేరు ఒక్కటి చెబితే చాలు."

"ఆ ఒక్కటే మర్చిపోయా తల్లీ."

వెంకటప్పయ్య గారికి అప్పుడు కాస్త ఊపిరాడింది. "మరి ప్యానెల్ విప్పమంటారా సార్?"

"ఏంది విప్పేది? పైవాళ్లు ఆదర్శ తరగతి చూస్తామని వస్తే నేనేం చూపించాలయ్యా? ముట్టుకోమాకండి!"

ఆయన అక్కడే ఫోటో కింద అపర్ణ పేరు ఎక్కించారు. రిపోర్టులో పిల్లలు ఎనభై ఎనిమిది మందే అని రాసి, ఆదర్శ తరగతి కనక ప్యానెల్ ఉంచాలని సంతకం పెట్టారు. పన్నెండు మందీ టైలు విప్పి ఇచ్చేసి ఆటోలెక్కారు.

మర్నాడు ప్యానెల్ కింద కొత్త చీటీ కనిపించింది. "ఎవరిది: ప్రభుత్వానిది. ఎక్కడిది: ఇక్కడిదే. మార్పు: లేదు."