ఆలస్యంగా పడిన అక్క

కలిసి నాట్యం చేయాలంటే ఒకే వేదిక మీద ఉండాలన్న మూఢనమ్మకం మీకింకా ఉంటే దయచేసి వదిలించుకోండి! అక్కాతమ్ముళ్లు చెరో ఊళ్లో, చెరో కెమెరా ముందు గెంతుతూ ఒకే తెర మీద కలుసుకోవడంలో ఉన్న సుఖం నన్నడగండి.

మా అక్క, నేను చిన్నప్పటి నుంచీ జంటగా నాట్యం చేస్తున్నాం. జంట అన్నది మర్యాదకు వాడిన మాట. తాళం తప్పితే వీపు మీద ఒక్కటి వేసేది, తప్పకపోతే కాలు తొక్కేది. బావకు బదిలీ అయి ఆమె దూరం వెళ్లాక, ఈ నెట్‌వర్క్ నాట్యం వచ్చి నన్ను ఆదుకుంది. ఇక్కడ వేదిక మీద నేను, అక్కడ తన ఇంట్లో ముందు గదిలో అక్క. నా కాలివేళ్లు ఇప్పుడు చూడండి, ఎంత నిగనిగలాడుతున్నాయో!

సౌకర్యాలా? అబ్బో! మణికట్టుకు సెన్సర్ కట్టుకుని చెయ్యి ఊపితే చాలు, తెర మీద అక్క చుట్టూ వెలుగు పూలు రాలతాయి. ఓసారి దోమను కొట్టాను. పూలవాన కురిసింది, ప్రేక్షకులు మైమరచిపోయారు. సిగ్నల్ ఆగి అక్క బొమ్మ ఒంటికాలి మీద బిగుసుకుపోతే, ఆ నిశ్చలత్వంలో ఎంతో లోతుందని ఓ విమర్శకుడు రాశాడు!

తాళం తప్పానా? నెట్ స్లో. అడుగు మరిచానా? నెట్ స్లో. మన తప్పులన్నీ నెత్తిన వేసుకునే ఇంత మంచి చుట్టం ఇంకెవరున్నారు చెప్పండి?

ఇక ఆఖరి ఘట్టం. అక్క వెనక్కి చూడకుండా వెల్లకిలా పడాలి, నేను పట్టుకోవాలి. ఇప్పుడా శ్రమ కూడా లేదు. అక్కడ ఆమె పరుపు మీద పడుతుంది, ఇక్కడ నేను గాలిని పట్టుకుంటాను, తెర మీద రెండూ అతుక్కుంటాయి. నా నడుం నొప్పి మాయం!

మొన్నటి ప్రదర్శనలో, పరుపు కెమెరాకు కనబడుతోందని బావలో కళాదృష్టి మేల్కొంది. పక్కకు లాగేశాడు. అక్క చూసుకోలేదు. ఎందుకు చూస్తుంది? ఇన్నేళ్లలో ఏనాడైనా వెనక్కి చూసి పడిందా?

బొమ్మ ఇక్కడికి కాస్త ఆలస్యంగా చేరుతుంది కదా! అక్క అక్కడ దబ్బున నేల మీద పడ్డాక, ఇక్కడ నేను ఆమెను అద్భుతంగా పట్టుకున్నాను. సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ హోరులో స్పీకర్లోంచి అక్క గొంతు వినిపించింది.

"ఒరేయ్, పట్టుకున్నావా?"

"పట్టుకున్నానక్కా! భలే కుదిరింది!"

"మరి నేను కింద ఎందుకున్నానురా?"

నవ్వుతూనే అంది. బావ ఐసు ముక్కల కోసం పరిగెత్తాడు. ఎముకలేమీ విరగలేదు, దేవుడి దయ. నాకు మాత్రం నవ్వు రాలేదు. చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి, వాటిలో ఎవరూ లేరు.

అలాగని సాంకేతికతను తిడతానా? దాన్ని ఇంకాస్త మెరుగుపరిచానంతే! వచ్చే ప్రదర్శనలో పరుపు ఉండాల్సిన చోట నేనుంటాను. రైలు టిక్కెట్టు తీసేసుకున్నాను. దీనికి సిగ్నల్ అక్కర్లేదు, కెమెరాకు కనబడినా బావ పక్కకు లాగలేడు. ఉన్న లోపమల్లా ఒక్కటే, అక్క మళ్లీ నా కాలు తొక్కుతుంది.

ఫోన్‌లో ఆ మాటే అంటే, "ముందు నువ్వు రారా, రెండు కాళ్లూ తొక్కుతా" అంది.