శ్రీవారి లాంగ్ రన్

ప్రతి ఇంట్లోనూ ఒక మారథాన్ రన్నర్ ఉండి తీరాలి. లేని ఇంటికి ప్రభుత్వమే ఒకరిని సప్లై చెయ్యాలి! నవ్వకండి, సీరియస్‌గానే మనవి చేస్తున్నాను.

రన్నర్లంటే గిట్టనివాళ్ళు ఊరినిండా ఉన్నారు. తెల్లారకుండానే అలారం మోగించి ఇంటిల్లిపాదినీ లేపుతారంటారు. చెమట బనియన్లు కుర్చీల మీద ఆరేస్తారంటారు. ‘బాగున్నారా’ అని మర్యాదకి అడిగితే మోకాలి చిప్ప దగ్గర మొదలుపెట్టి మడమ దాకా చెబుతారంటారు. నిజమే, కాదన్నదెవరు? కానీ వాళ్ళు ఇంట్లోంచి బయటికి వెళ్తారా, లేదా? ఆ ఒక్క సుగుణం ముందు ఈ లోపాలు ఏపాటివి?

నమ్మకం కుదరకపోతే మా పైవాటాలో లెక్కల టీచరుగారి సంగతి వినండి.

టీచరుగారి శ్రీవారు చాలా మంచి మనిషి. తాగరు, తిట్టరు, గిన్నెలు కూడా తోముతారు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. మాట్లాడతారు. ఇన్సూరెన్స్ ఆఫీసువాళ్ళు ఇంటినుంచే పని చేసుకోమన్నది మొదలు డైనింగ్ టేబులే ఆయన ఆఫీసు. ఫోన్లో ఉన్నంతసేపూ కస్టమర్లతో మాట్లాడతారు, ఫోన్ పెట్టేశాక భార్యతో మాట్లాడతారు.

“ఏమోయ్, కిటికీ తీశాను, గాలి బాగా వస్తోంది.”

కాసేపటికి, “ఏమోయ్, కిటికీ వేసేశాను, దుమ్ము వస్తోంది.”

ఆవిడ స్నానానికి వెళ్తే తలుపవతల నిలబడి మిగతాది చెబుతారు. ఆవిడ కళ్ళు మూసుకుంటే “నిద్రపోయావా?” అని లేపి మరీ కనుక్కుంటారు. ఆవిడేమో వారమంతా బళ్ళో ‘టీచర్, వీడు చూడండి టీచర్’ అన్న రొద వినివినీ ఇంటికొస్తుంది. మొగుడంటే ప్రేమ లేదా అంటే, బోలెడుంది. ఆ ప్రేమని భరించే ఓపిక చెవులకే లేదు.

అలాంటి ఇంటిమీద దేవుడు దయతలచాడు. బరువు తగ్గమని డాక్టరు హెచ్చరించడంతో శ్రీవారు ఒక రన్నింగ్ గ్రూపులో చేరారు. ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. ఆవిడ తలుపు గడియపెట్టి కాసేపు అక్కడే నిలబడింది, ఏదో మరిచిపోయి వెనక్కొస్తారేమోనని. రాలేదు.

అప్పుడావిడ ఏం చేసిందో తెలుసా? కాఫీ కలుపుకుని వేడిగా ఉండగానే తాగింది. వంటింట్లో నేలమీద కూర్చుని, వాషింగ్ మెషీన్‌కి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుంది. ప్యాకెట్లోంచి బ్రెడ్డు ముక్క తీసి, ప్లేటైనా పెట్టుకోకుండా తింది. ఆ తర్వాత ఏమీ చెయ్యలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఆవిడకి ఏమీ చెప్పలేదు. తన ఇల్లు ఇంత విశాలమైందని పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆవిడకి మొదటిసారి తెలిసింది.

మారథాన్ ట్రైనింగ్‌లో గొప్పతనం ఏమిటంటే, ఆదివారం చేసే లాంగ్ రన్ వారవారం పెరుగుతూ పోతుంది. లోకంలో ఇలా పెరిగే సుఖం ఇంకేదైనా ఉందా చెప్పండి! మొదట్లో అరగంటకే తిరిగొచ్చేసిన శ్రీవారు, పోనుపోను మూడేసి గంటలు కనపడకుండా పోయేవారు. టీచరుగారి మొహం కళకళలాడిపోయింది. బళ్ళో పిల్లలు సైతం గమనించారు.

అయితే రన్నర్ అన్నాక మోటివేషన్ సన్నగిల్లే రోజొకటి వస్తుంది. ఒక ముసురు పట్టిన ఆదివారం శ్రీవారు అలారం నొక్కేసి దుప్పటి కప్పుకున్నారు.

“ఇవాళ మనసు లేదోయ్. ఇద్దరం కూర్చుని హాయిగా కబుర్లు చెప్పుకుందాం.”

ఆవిడ ఆయనకి ఆరోగ్యం గురించి చెప్పి చూసింది. ఆయన ఆవులించారు. క్రమశిక్షణ గురించి చెప్పింది. అటు తిరిగి పడుకున్నారు. ఇక లాభంలేదని, కర్టెన్ సర్దుతూ ఎవరితోనో అన్నట్టు అంది.

“పోనీలెండి. మా చెల్లెలు ఫోన్ చేసింది. మరిది కూడా మారథాన్ మొదలుపెట్టాడట. వానలో కూడా వెళ్తున్నాడట.”

తోడల్లుడి పేరెత్తితే చాలు, ఎంతటి మగాడికైనా మోకాళ్ళ నొప్పి మాయమవుతుంది. శ్రీవారు లేస్ కట్టుకోకుండానే మెట్లు దిగారు. ఆ మరిది వీధి చివరికి కూడా బండి మీదే వెళ్ళే మనిషని వేరే చెప్పాలా?

రేసు దగ్గరపడింది. ఇక నుంచి పరుగు తగ్గించుకుంటూ రావాలని, కాళ్ళకి విశ్రాంతి కావాలని కోచ్ చెప్పాడట. అది వినగానే టీచరుగారు నేరుగా కోచ్ దగ్గరికే వెళ్ళింది.

“పరీక్షల ముందు చదువు తగ్గించమని నేనెప్పుడూ పిల్లలకి చెప్పలేదండీ.”

“శరీరం కోలుకోవాలి కదమ్మా.”

“ఆయన శరీరం సంగతి నాకు తెలుసండీ. ఇంట్లో కంటే రోడ్డు మీదే బాగా కోలుకుంటుంది.”

కోచ్ చేతులెత్తి దండం పెట్టాడు. భర్త లక్ష్యం కోసం ఇంతగా తపించే ఇల్లాలిని ఇంతవరకూ చూడలేదని గ్రూపులో మెసేజ్ పెట్టాడు. దానికి నూటికి నూరుమంది చప్పట్లు కొట్టారు.

మారథాన్ రోజు ఆవిడ తువ్వాలు పట్టుకుని ఫినిషింగ్ గీత అవతల నిలబడింది. అబద్ధమెందుకు, ఆయన కుంటుకుంటూ వస్తుంటే ఆవిడ కళ్ళు చెమర్చాయి. ‘ఈయన ఇంతటితో చాలంటే నా గతేమిటి’ అన్న దిగులు కూడా ఆ తడిలో ఉంది. మెడల్ వేశాక ఎవరో ఆయన చేతికి మైకిచ్చారు. ఆయనకి మైకివ్వడమేమిటి, పాపం వాళ్ళకేం తెలుసు!

“ప్రతి ఆదివారం నన్ను ముందుకి తోసి, తను మాత్రం ఇంట్లో ఒంటరిగా బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఇక ఆ కష్టం పెట్టను. వచ్చే మారథాన్‌కి ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. ఇకమీదట ఒక్క ఆదివారం కూడా తనని ఒంటరిగా వదలను.”

జనం ఈలలు వేశారు. ఫోటోలో ఆవిడ నవ్వుతూనే ఉంది. ఇంటికొచ్చాక వంటింట్లో ఆ వాషింగ్ మెషీన్‌ పక్కనే నిలబడి కాసేపు ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని అడిగి, జవాబు కూడా తనే చెప్పేసి, ఆనందబాష్పాలని తేల్చేశారు ఆయన.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ రోడ్డెక్కారు. కొత్తవాళ్ళు తేలిగ్గా పరుగెత్తాలనీ, పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా వెళ్తే అదే సరైన వేగమనీ కోచ్ సూత్రం చెప్పాడు. ఇంకేముంది! శ్రీవారు అడుగడుక్కీ రన్నింగ్ కామెంటరీ చెబుతూ పక్కనే వచ్చారు. ‘ఇదిగో స్పీడ్ బ్రేకర్’, ‘ఇదిగో కుక్క’, ‘కుక్క వెళ్ళిపోయింది’. ఇంట్లో అయితే వేరే గదిలోకి పోవచ్చు. రోడ్డు మీద గదులెక్కడివి?

ఆవిడ లెక్కల టీచరని మొదటే చెప్పాను కదా. కోచ్ సూత్రాన్ని మనసులోనే తిరగేసింది. మాట్లాడగలిగితే నెమ్మదిగా వెళ్తున్నట్టయితే, వేగం పెంచితే ఏమవుతుంది?

కొంచెం పెంచింది. ఆయన వాక్యాలు పొట్టివయ్యాయి. ఇంకొంచెం పెంచింది. ‘ఏమోయ్’ ఒక్కటే మిగిలింది. ప్రాణం పెట్టి పరుగెత్తింది. వెనక ఆయాసం తప్ప ఏమీ వినపడలేదు, కాసేపటికి అదీ లేదు. ఖాళీ రోడ్డు మీద తన బూట్ల చప్పుడు తప్ప మరే శబ్దమూ లేకుండా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. నలభై ఆరేళ్ళ మనిషి, గుండె దడదడలాడుతుంటే, చెప్పలేనంత సంతోషపడింది.

మరుసటి మారథాన్‌లో ఆవిడ తన వయసు ఆడవాళ్ళందరిలోనూ ఫస్టొచ్చింది. ఈసారి మైకు ఆవిడకిచ్చారు. మీ మోటివేషన్ ఏమిటని అడిగారు.

“మావారేనండీ. ఆయన వెనకాలే వస్తున్నారన్న ఆలోచన ఒక్కటి చాలు, కాళ్ళు ఆగవు.”

అప్పటికింకా గీత దాటని శ్రీవారు ఆ మాట లౌడ్ స్పీకర్లో విని, పరుగెడుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

కాబట్టి మారథాన్ వరమా, కాదా? సొంతింట్లో, సొంత ఫ్యాన్ కింద ఒక ఆడమనిషికి దొరకని కాస్త నిశ్శబ్దం, కేవలం నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తితే దొరుకుతోంది! ఇంతకంటే చవక బేరం ఉందా?

అన్నట్టు, ఈమధ్య మీ ఇంట్లో ఆవిడ కూడా పరుగు నేర్చుకుంటానంటోందా? అప్పుడే బూట్లు కొనకండి. ముందు ఒక్క పూట నోరు మూసుకుని చూడండి.