కామాటోళ్లకు కరెంటు లేదు

ఫాక్‌లాండ్ రోడ్డులో దుకాణాలకు బోర్డులు రాసే నర్సింహులుకు ఆ ఆదివారం పొద్దున ఒకటే పని. ఏడాదిగా అట్టముక్కల మీద రంగులద్ది తయారుచేసిన రాజ్యాల ఆటను నాగ్‌పాడాలో ఆటసామాన్లు అమ్మే శంకర్రావుకు చూపించాలి. అందులో ఒక్కో జనానికి ఒక్కో రాజ్యం, ఒక్కో గుణం. ఆ గుణాన్ని బట్టే విద్యలు. నచ్చితే శంకర్రావు అచ్చు వేయిస్తాడు. నచ్చకపోతే అట్టలన్నీ పొయ్యిలోకేనని భార్య రత్నాబాయి ముందే తేల్చి చెప్పింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

అందుకని, వలసొచ్చి గోడలు కట్టే పనిచేసిన కామాటోళ్లు గదికో కాపురంగా ఉండే చాల్ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ నియమాలు గట్టిగా వల్లె వేసుకున్నాడు. "చేపలు పట్టే కోలీలకు ఓడలు. కామాటోళ్లకు గోడలు. కామాటోళ్లకు కరెంటు ఇచ్చేదే లేదు."

బిందె చంకనెత్తుకుని అటుగా పోతున్న పక్కగది రాజవ్వ చెవిన ఆ చివరి మాట పడింది. నల్లా దగ్గరికి చేరగానే చెప్పేసింది, కామాటోళ్ల చాల్‌కు కరెంటు తీసేస్తున్నారట, ఆ నోటీసు బోర్డు రాసేవాడు గనక నర్సింహులుకు ముందే తెలిసిందట అని. ఆ మాట మూడో అంతస్తు ఎక్కేసరికి మున్సిపాలిటీ, పోలీసులు కూడా అందులో చేరారు. ఉన్నంతసేపైనా వాడుకుందామని ఒకావిడ వారానికి సరిపడా పచ్చడికి మిక్సీ తిప్పింది. ఇంకొకాయన పెట్టెలోని పెళ్లిబట్టలన్నీ తీసి ఇస్త్రీకి కూర్చున్నాడు. ఇంటింటా ఇదే తంతు. పాతకాలపు చాల్, పాపం, ఎంతకని ఓర్చుకుంటుంది? ఫ్యూజు ఠప్పుమని పోయింది. ఇంకేం, పుకారు నిజమైంది.

చాల్ మొత్తం నర్సింహులు గుమ్మం ముందు వాలింది. అయ్యా, ఇది ఉత్త ఆట అని కాళ్లావేళ్లా పడి చెప్పాక కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. సరిగ్గా అప్పుడే, ఆట చూడ్డానికి తనే వస్తానన్న శంకర్రావు మెట్లెక్కి వచ్చాడు. నర్సింహులుకు పై ప్రాణాలు పైనే పోయాయి. లోపల రత్నాబాయి అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది.

"మా మామ పవర్‌హౌస్ గోడలు లేపిండు. ఆటల గూడ మాకు దీపం లేదా?" అని నిలదీసింది రాజవ్వ.

"గుణం రాయకుంటే రాజ్యాలన్నీ ఒక్క తీరే ఉంటయి, అత్తా. ఇగ ఆటేముంటది?" అన్నాడు నర్సింహులు.

"గుణం ఉండనియ్. గోడలు మేం జల్ది కడతం, కరెంటు జర లేటుగ నేర్చుకుంటం. అసలు నేర్వనే వద్దని రాసుడేంది?"

ఇంత చిన్న సంగతి ఏడాదిగా తట్టలేదే అని నర్సింహులు నాలుక్కరుచుకున్నాడు. తెల్లరంగు డబ్బా తెచ్చి ఆ నియమం మీద పూసేశాడు. ఎవరైనా ఏదైనా నేర్చుకోవచ్చు, తమ గుణం కానిదానికి మాత్రం ఎక్కువ ఆగాలి అని పక్కన రాశాడు. కిటికీ లేని ఆ చీకటి గదిలో కొవ్వొత్తి పెట్టుకుని రాజవ్వ, శంకర్రావు ఎదురెదురుగా కూర్చున్నారు. చుట్టూ చాల్ అంతా మూగి తలా ఒక సలహా ఇచ్చింది.

ఆట సగమైనా ఫ్యూజు వేయడానికి ఒక్కరూ కదల్లేదు. శంకర్రావు ఓడిపోతూనే అది గమనించాడు. "చాలు భావూ, అచ్చేపిద్దాం," అన్నాడు. నర్సింహులు గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. రత్నాబాయి అదే అగ్గిపెట్టెతో పొయ్యి ముట్టించి అందరికీ చాయ్ పెట్టింది.

అంత పోట్లాడి ఆటలో కరెంటు సంపాదించిన రాజవ్వ అట్ట మీద మొట్టమొదట చేసిన పని, దాని చుట్టూ గోడ కట్టడం.